‘ఆర్పీఓ సున్నా’ అని కొటేషన్‌లో రాసిస్తే నమ్మొచ్చా?

ప్రశ్న: మాది బాలానగర్‌లో మందుల హోల్‌సేల్. బిల్లింగ్ డేటాబేస్ ఆఫీసులోనే రెండు సర్వర్ల క్లస్టర్ మీద నడుస్తుంది. ముంబైలో డీఆర్ (ఇక్కడిది పోతే ఆదుకునే రెండో సెటప్) పెడతానని ఒక వెండర్ కొటేషన్ ఇచ్చాడు. అందులో ‘అసింక్రనస్ రెప్లికేషన్, ఆర్పీఓ సున్నా, ఆర్టీఓ 15 నిమిషాలు’ అని ఉంది. మా సార్ సంతకం పెట్టేద్దామంటున్నారు. పెట్టేయమంటారా?

జవాబు: ఆగమనండి. ఆ ఒక్క లైన్‌లోనే మెలిక ఉంది. ఏదైనా జరగరానిది జరిగితే ఎంతసేపటి డేటా పోయినా మీరు తట్టుకోగలరో ఆ లెక్క ఆర్పీఓ. మళ్లీ బిల్లు కొట్టడానికి ఎంతసేపు పట్టొచ్చన్నది ఆర్టీఓ. రెప్లికేషన్ అంటే డేటాకు ఇంకోచోట కాపీ ఉంచడం. అందులో అసింక్రనస్ అంటే మీ సర్వర్ బిల్లును తన డిస్క్‌లో రాసుకుని వెంటనే ‘సేవ్ అయింది’ అనేస్తుంది, ముంబైకి ఆ తర్వాత పంపుతుంది. ఈ ఆలస్యాన్నే ల్యాగ్ అంటారు. మామూలు రోజుల్లో సెకను, రెండు సెకన్లే ఉండొచ్చు గానీ, నెలాఖరున అందరూ ఒకేసారి స్టాక్ ఎక్కిస్తున్నప్పుడో, నెట్ లైన్ మొరాయించినప్పుడో అది నిమిషాల్లోకి వెళ్తుంది. సరిగ్గా అప్పుడే సర్వర్ పోతే ఆ బిల్లులు బాలానగర్‌లోనూ ఉండవు, ముంబైలోనూ ఉండవు. అంటే అసింక్రనస్‌కి సున్నా గ్యారంటీ ఇవ్వడం కుదరని పని. వెండర్‌కి తెలియక రాశాడో, తెలిసే రాశాడో మరి.

సింక్రనస్ పెట్టించుకుంటే పోలేదా అంటారేమో. అందులో ముంబై నుంచి ‘అందింది’ అని జవాబు వచ్చేదాకా బిల్లు సేవ్ కాదు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ముంబై 700 కిలోమీటర్లనుకున్నా, వెళ్లి రావడానికే 7 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో రౌటర్లుంటాయి, కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. మీ సాఫ్ట్‌వేర్ 40 ఐటెమ్‌ల బిల్లును ఒక్కో లైన్ విడిగా సేవ్ చేసే రకమైతే (పాతవి చాలావరకు అంతే) ఒక్క బిల్లుకు పావు సెకను పైనే ఆగాలి, పక్క ఆపరేటర్ అదే స్టాక్ కోసం కాచుకుని కూర్చోవాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. ముంబై లైన్ తెగితే ఏం చేస్తుంది? ఒరాకిల్ డేటా గార్డ్‌లో (ఒరాకిల్ డేటాబేస్‌కు వేరే చోట కాపీ ఉంచే సదుపాయం) మ్యాగ్జిమమ్ ప్రొటెక్షన్ అనే పద్ధతి పెడితే, రాసుకోవడానికి ఒక్క స్టాండ్‌బై (కాపీ ఉంచే సర్వర్) కూడా అందకపోతే ప్రైమరీయే, అంటే మీ అసలు సర్వరే, షట్‌డౌన్ అయిపోతుంది. మ్యాగ్జిమమ్ అవైలబిలిటీ అయితే పని ఆగదు, కానీ ఆ సమయంలో సున్నా గ్యారంటీ ఉండదు. మీకు ఏది పెడుతున్నాడో రాతపూర్వకంగా అడగండి.

పెద్ద సంస్థలు దీన్ని రెండు ముక్కలు చేసుకుంటాయి. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది కూడా అదే: డేటా పోకుండా దగ్గర్లో ఒక నియర్ సైట్, వేరే భూకంప జోన్‌లో డీఆర్ సైట్. మీకు అంత అక్కర్లేదు. ఆర్పీఓ 5 నిమిషాలని నిజాయితీగా రాయించుకుని, ల్యాగ్ అది దాటితే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టించుకోండి, చాలు.

ఇక 15 నిమిషాల ఆర్టీఓ. ఎవరు బటన్ నొక్కాలి, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, బిల్లింగ్ కంప్యూటర్లలో సర్వర్ అడ్రస్ ఎవరు మారుస్తారు అన్నది తేలకుండా ఆ అంకె వేస్ట్. ఓ ఆదివారం కావాలనే ముంబైకి మార్చి, బిల్లు కొట్టి, మళ్లీ వెనక్కి తెచ్చి చూపించమనండి. ఈ వెనక్కి తేవడమే ఫెయిల్‌బ్యాక్. కొటేషన్లలో మాయమయ్యేది ఎక్కువగా ఇదే.

ప్రశ్న: నెట్‌వర్క్ స్విచ్ రీస్టార్ట్ అయ్యాక మా రెండు సర్వర్లూ ఎవరికి వారే ప్రైమరీ అయి కూర్చున్నాయి. టెన్షన్‌గా ఉంది. (ఉప్పల్ నుంచి)

జవాబు: దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. హార్ట్‌బీట్ (‘బతికే ఉన్నా’ అని సర్వర్లు ఒకదానికొకటి పంపుకునే సిగ్నల్) అందకపోయేసరికి రెండోది చచ్చిపోయిందని ఒక్కోటీ అనుకుంది. ముందు ఒకదాన్ని ఆపి, రెండు డేటాబేస్‌లకీ విడివిడిగా కాపీ తీయండి. తొందరపడి రీసింక్ (ఒకదాని డేటాను రెండోదాని మీద రాసి రెండూ ఒకేలా చేయడం) నొక్కారో, ఒకవైపు బిల్లులు తుడిచిపెట్టుకుపోతాయి. ఇక ముందు ఇలా కాకుండా మూడో ఓటు కోసం విట్‌నెస్ పెట్టండి. చిన్న మెషీన్ చాలు, కానీ అదే ర్యాక్‌లో అదే స్విచ్‌కి తగిలిస్తే లాభం లేదు. మెజారిటీ, అంటే క్వోరం, లేని సర్వర్ దానంతటదే తప్పుకుంటుంది.

అయితే క్వోరం ఉందని నిశ్చింతగా ఉండొద్దు. 2018 అక్టోబర్ 21న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌కి అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే. మెజారిటీ ఓటుతో ప్రైమరీ బాధ్యత పశ్చిమ తీరానికి మారింది, పద్ధతి ప్రకారమే. కానీ అక్కడికి చేరని రాతలు కొన్ని తూర్పున మిగిలిపోయాయి, ఈలోపు పశ్చిమాన కొత్తవి పడ్డాయి. పూర్తిగా సర్దుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

ప్రశ్న: రెప్లికా ఉన్నాక విడిగా బ్యాకప్ దేనికి?

జవాబు: మీరు పొరపాటున టేబుల్ డిలీట్ చేస్తే రెప్లికా కూడా క్షణాల్లో నమ్మకంగా డిలీట్ చేస్తుంది, అందుకు. 2017 జనవరి 31న గిట్‌హబ్ లాంటిదే మరో సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ వెనకబడిన రెప్లికాను సరిచేయబోయి ప్రైమరీలోని ఫోల్డర్‌ను తుడిచేశారు. రోజువారీ బ్యాకప్ చూస్తే, వెర్షన్ తేడా వల్ల అది ఫెయిల్ అవుతోందని, ఆ హెచ్చరిక మెయిళ్లు కూడా ఎవరికీ అందలేదని తేలింది. చివరికి 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా కాపీ) ఆదుకుంది, ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. కాబట్టి బ్యాకప్ తీయడంతో సరిపెట్టకుండా, వారానికోసారి దాన్ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి ఆఖరి బిల్లు నంబర్ కనిపిస్తోందో లేదో చూడండి.