మూడుసార్లు ఏరిన పత్తికి ఒకే సగటా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గర పల్లె. పత్తి మూడుసార్లు ఏరించాం. మొదటి ఏరుడు 4 క్వింటాళ్లు, తేమ 9 శాతం. రెండోది వానలు పడ్డప్పుడు ఏరింది, 15 క్వింటాళ్లు, తేమ 14. మూడోది 6 క్వింటాళ్లు, తేమ 10. సగటు 11 వస్తోంది. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) 12 శాతం తేమ దాకా కొంటుంది కదా, అంతా కలిపి ఒకే ట్రాక్టర్‌లో పంపేద్దామని ఇంట్లో అంటున్నారు. పంపొచ్చా?
– ఒక పత్తి రైతు

జవాబు: కలపొద్దండీ. అసలు ఆ 11 అన్న లెక్కే తప్పు. మూడు కుప్పలూ ఒకే బరువున్నప్పుడే అలా మూడుతో భాగించాలి, మీ 25 క్వింటాళ్లలో 15 తడి పత్తే. ఒక్కో కుప్ప తేమను దాని బరువుతో గుణించి కలపండి: 36, 210, 60, మొత్తం 306. దాన్ని 25తో భాగిస్తే 12.24. పన్నెండు దాటిపోయింది.

పోనీ పన్నెండు లోపే వచ్చినా నేను కలపొద్దనే చెప్తాను, ఎందుకంటే కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు గుచ్చిన చోట ఎంత తేమ ఉంటే అంతే చూపిస్తుంది, తడి పత్తి ఉన్న చోట గుచ్చితే 14 కనబడుతుంది, దాంతో మంచి పత్తి కూడా వెనక్కి రావొచ్చు. కష్టపడి ఆరబెట్టుకున్న 10 క్వింటాళ్లను అలా పణంగా పెట్టడం నాకైతే అస్సలు నచ్చదు.

2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు, అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి 81 రూపాయల 10 పైసలు కోస్తారు. అంటే 9 శాతం పత్తికి 8,028.90, పదికి 7,947.80. ఈ రెండు కుప్పలూ విడిగా అమ్మేయండి. రెండో ఏరుడును టార్పాలిన్ మీద పలచగా పరిచి, తిరగేస్తూ ఎండబెట్టండి. 14 నుంచి 11కు దిగితే 15 క్వింటాళ్లలో సుమారు 50 కిలోల బరువు తగ్గుతుంది, చూస్తే బాధేస్తుంది, కానీ పోయేది నీళ్లే. మళ్లీ తేమ చూసేటప్పుడు పొద్దున్నే మంచులో చూడకండి, కుప్ప పైనా నడుమా అడుగునా నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకెను బట్టే బండి కట్టండి.

పింజ నాణ్యతకూ ఇదే వర్తిస్తుంది. మైక్రోనేర్ (పింజ ఎంత సన్నం, ఎంత ముదిరింది అని చెప్పే కొలత) 3.0 ఉన్న పత్తినీ 4.6 ఉన్నదాన్నీ సమానంగా కలిపితే సగటు 3.8, కాగితం మీద బాగానే ఉంటుంది, కానీ సరిగా ముదరని పింజ అందులోనే ఉండి నూలులో ఉండలు కడుతుంది, రంగు సమంగా పట్టదు. అమెరికాలో ఒకే మాడ్యూల్ (ఏరిన పత్తిని ఒత్తి కట్టిన పెద్ద దిమ్మ) నుంచి వచ్చిన బేళ్ల కొలతలకు సగటు తీసే పద్ధతి ఉంది, అక్కడ ఆ పత్తంతా దాదాపు ఒకే రకం కాబట్టి సగటుతో యంత్రం చూపే చిన్న తేడాలు సర్దుకుంటాయి. మీ మూడు ఏరుళ్లూ అలాంటివి కావు. వచ్చే ఏడు మొదటి రోజు నుంచే ఏ ఏరుడు బోరాలు ఆ ఏరుడువే విడిగా పెట్టి, తూకం రాసిపెట్టుకోండి.