అనంతపురం ఎండలో మంచు చేస్తున్న పాప: ఎంసెట్ మానేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఆరు నెలలుగా రాత్రిపూట లాప్‌టాప్‌లో బ్లెండర్ అని ఏదో పెట్టుకుని మంచు కొండలు, మంచు కప్పిన చెట్లు చేస్తోంది. చూడ్డానికి ఫొటోల్లాగే ఉన్నాయి, కాదనను. ఇప్పుడు ఎంసెట్ రాయను, యానిమేషన్‌లో చేరతానంటోంది. 1,20,000 రూపాయల కంప్యూటర్ కొనమంటోంది. మంచు బొమ్మలు కూడు పెడతాయా సార్? మూడు బొమ్మలు పంపుతున్నాను.

జవాబు: బొమ్మలు చూశాను. వాన కోసమే మొగులు చూసే జిల్లాలో పుట్టిన పిల్ల మంచు మీద ఇంత మనసు పెట్టడం ముచ్చటగా ఉంది. కానీ బొమ్మ బాగుంది కదా అని సలహా చెప్పలేను. ఈ పనిలో తొందరగా మెప్పు తెచ్చేది మంచే. తెల్ల దుప్పటి కప్పేస్తే గడ్డి, రాళ్లు, మట్టి రంగు, ఇవేవీ చేయాల్సిన పని ఉండదు. పైగా పాప వాడే బ్లెండర్‌కి, అంటే త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌కి, ‘రియల్ స్నో’ అని ఒక యాడ్-ఆన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది. వస్తువును ఎంచుకుని బటన్ నొక్కితే దాని పైభాగాన మంచు పేరుకుంటుంది. ‘సాప్లింగ్’ అని ఇంకోటి ఉంది, నాలుగు అంకెలు మారిస్తే చెట్టు మొలుస్తుంది. రెండూ ఉచితమే, బ్లెండరూ ఉచితమే. యూట్యూబ్‌లో పాఠం చూసుకుంటూ ఒక ఆదివారం కూర్చుంటే ఇలాంటి బొమ్మ ఎవరైనా చేయొచ్చు. పాపకి తెలిసింది బటనా, మంచా అన్నది ముందు తేలాలి.

అది మీరే తేల్చొచ్చు. రెండో బొమ్మలో కొండ నిటారుగా ఉన్నచోట నల్లరాయి కనిపిస్తోంది, చదునుగా ఉన్నచోట మంచు నిలిచింది. ‘ఇదెట్ల చేసినావమ్మా?’ అని అడగండి. ‘పాఠంలో ఉంది నాన్నా’ అంటే ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. ‘కొండలో ప్రతి ముఖం ఎటు చూస్తోందో కనుక్కుని, పైకి చూసేవాటికే మంచు ఇచ్చాను’ అంటే మాత్రం నేను కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. ఎందుకంటే అది మీరు ఫీజు కట్టి చెప్పిస్తున్న లెక్కే. ముఖం అంటే కొండ బొమ్మను కట్టే చిన్న పలకల్లో ఒకటి. ఆ ముఖానికి లంబంగా ఒక వెక్టర్, నిలువుగా పైకి ఇంకో వెక్టర్, రెండింటికీ డాట్ ప్రోడక్ట్. రెండూ యూనిట్ వెక్టర్లే కాబట్టి చదును నేలకు 1 వస్తుంది, నిలువు గోడకు 0. విలువ 0.5 దాటితేనే మంచు అని పెట్టుకుంటే 60 డిగ్రీలకు మించిన వాలు మీద మంచు ఉండదు, కాస్ 60 విలువ 0.5 కదా. నిజం కొండల మీదా ఇంచుమించు ఇంతే, అంత నిటారు వాలు మీద పడ్డ మంచు పడ్డట్టే జారిపోతుంటుంది. ఇంటర్‌లో చదివే వెక్టర్లు ఎక్కడ పనికొస్తాయని అడిగే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. మీ ఇంట్లో జవాబు లాప్‌టాప్‌లోనే ఉంది.

పాపకి చెప్పాల్సిన తప్పులూ ఉన్నాయి. మూడో బొమ్మలో మంచుకి పూర్తి తెలుపు ఇచ్చింది. అప్పుడే పడిన మంచు కూడా తనమీద పడే వెలుగులో 80 నుంచి 90 శాతమే తిప్పి పంపుతుంది. నూటికి నూరు ఇస్తే గుంతలు, మడతలు అన్నీ మాసిపోయి సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. నీడలు బూడిద రంగులో ఉన్నాయి, తేటగా ఉన్న రోజు మంచు మీది నీడలో నీలం ఉండాలి, అక్కడ పడేది ఆకాశం వెలుగే కాబట్టి. గుబురు పైన్ చెట్టు మొదట్లోనూ బయట ఉన్నంత మంచే పోసింది. పైకొమ్మలు అడ్డుకోవడంతో అక్కడ పలచగా, గుంతలాగా ఉంటుంది. ఎప్పుడూ మంచు చూడనివాళ్లు చేసే తప్పే ఇది, తిట్టకండి.

అందుకే పాపకి తాను చూడగలిగే చెట్టు ఒకటి ఇద్దాం. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఒకసారి తీసుకెళ్లండి. చెట్టంతా వద్దు. ఒక కొమ్మ, దాని ఊడలు, కింద మట్టి, అంతే చేయమనండి. మంచు వేయకూడదు. దాచుకోవడానికి దుప్పటి లేనప్పుడు చేయి ఏపాటిదో తెలుస్తుంది.

కంప్యూటర్ ఇప్పుడే వద్దు. బొమ్మలో పదివేల చెట్లు కనిపించినా చేసేది మూడో నాలుగో. వాటినే తిప్పి, పెంచి, తగ్గించి అడవంతా నాటుతారు, దీన్ని ఇన్‌స్టాన్సింగ్ అంటారు. మెమరీలో ఉండేది ఆ నాలుగు చెట్ల భారమే. చిన్న మెషీన్ మీద నేర్చుకున్నవాళ్లకి ఈ పొదుపు అబ్బుతుంది. వీలైతే ర్యామ్ 16 జీబీకి పెంచించండి. మే నెలలో మన అనంతపురంలో పగలు రెండర్, అంటే కంప్యూటర్ లెక్క కట్టి ఆఖరి బొమ్మ తీసే పని, పెడితే లాప్‌టాప్ మీద దోసె పోసుకోవచ్చు, ఆ పని రాత్రికి పెట్టుకోమనండి.

ఇక కూడు సంగతి. ఈ పని చేసేవాళ్లని స్టూడియోల్లో ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్ట్ అంటారు. సినిమాలు, గేములు, బిల్డర్ల ప్రకటనలు, అన్నిటికీ కావాలి. అయితే చాలాచోట్ల ప్రాజెక్టు అయిపోతే కాంట్రాక్టూ అయిపోతుంది, డెడ్‌లైన్ వస్తే నిద్ర ఉండదు. మంచు ఎక్కడ నిలవాలో లెక్క కట్టి, దానికి పైథాన్‌లో టూల్ రాయగలిగితే టెక్నికల్ ఆర్టిస్ట్ అంటారు. మీ పాప లెక్కల్లో బాగుంటే నా ఓటు దానికే. అప్పుడు బీటెక్ సీఎస్ఈ అడ్డం కాదు, సాయమే.

డిజైనే చదువుతానంటే కడపలో వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ యానిమేషన్ ఉంది, ఏడీసెట్ రాయాలి. ఐఐటీల బీడిజైన్‌కి యూసీడ్ రాయాలి, అది జనవరిలో ఉంటుంది. వంద శాతం ప్లేస్‌మెంట్ అని బ్యానర్ కట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం అడిగిందే తడవుగా డబ్బు కట్టకండి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి అలాగే కట్టాడు. తీరా చూస్తే బ్యాచ్‌లో అందరి షోరీల్‌లోనూ, అంటే తమ పని చూపించుకునే వీడియోలోనూ, అదే ఇల్లు, అదే చెట్టు, ఆఖరికి అదే కెమెరా కోణం.

ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) రాయనివ్వండి, దానికి ఈ కొద్ది నెలలే కదా. ర్యాంకు వచ్చాక సీఎస్ఈనా, కడపా అని ముగ్గురం కూర్చుని మాట్లాడదాం. మర్రి ఊడల బొమ్మ పంపేటప్పుడు రంగులు వేయకముందు బూడిద రంగులో ఉన్నదాన్నీ జత చేయమనండి. నేను ముందు చూసేది అదే.