కోనసీమలో మట్టి ఇల్లు వానలకి నిలుస్తుందా?

అమలాపురం దగ్గర కొబ్బరితోటలో ఐదు సెంట్లు ఉన్నాయి, వీడియోల్లో చూపిస్తున్నట్టు గడ్డి మోపులు పేర్చి మట్టి పూసి ఇల్లు కట్టొచ్చా, మన వానలకి కరిగిపోదా అని అడిగారు. గడ్డి మోపుల గోడ వద్దండి. మట్టిగోడ మాత్రం నిక్షేపంగా కట్టుకోవచ్చు, గడ్డి ఆ మట్టి లోపల ఉండాలి. రాజోలు వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో రెండు గదులు, ముందు వరండా అలాగే కట్టించాను, అందులోనే ఉంటున్నాం.

మోపుల గోడలు మొదలైంది అమెరికాలో, నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో, 19వ శతాబ్దం చివర. అక్కడ చెట్లు తక్కువ, గాలి పొడి, గడ్డిని కట్టలుగా అదిమే యంత్రాలు అప్పటికి వచ్చాయి కాబట్టి వాళ్ళకి కుదిరింది. కట్టలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు పట్టి కుళ్ళుతుంది. మన దగ్గర నవంబరులో వాయుగుండం పట్టిందంటే బీరువాలో బట్టలకే బూజు వస్తుంది, గోడ మధ్య బిగిసిన గడ్డి ఎప్పుడు ఆరాలి? పైగా మన చేలల్లో బేలర్ మిషన్ చుట్టి వదిలే గుండ్రటి కట్టలు వరసగా పేరిస్తే కూర్చోవు కూడా.

అసలు పనంతా మట్టి దగ్గరే ఉంది. డెల్టా నల్లమట్టిలో బంక ఎక్కువ, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు తీస్తుంది, ఎండాకాలం ఖాళీ చేలో నెర్రెల్లోకి చెయ్యి దూరిపోవడం మీరూ చూసే ఉంటారు. దాన్ని ఉన్నదున్నట్టు గోడ పెడితే గోడా అలాగే నెర్రెలిస్తుంది, అందుకే ఇసుక కలపాలి. ఎంత అన్నది ముందే ఎవరూ చెప్పలేరు. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు నింపి బాగా కుదిపి, ఒక రోజు కదపకుండా ఉంచితే ఇసుక అడుక్కి దిగి, బంక పైన పేరుకుంటుంది, ఒక అంచనా వస్తుంది. తర్వాత ఇటుక అచ్చు తెచ్చి ఒక పాలు మట్టికి ఒక పాలు ఇసుక, రెండు పాళ్ళు, మూడు పాళ్ళు, ఇలా విడివిడిగా పోసి నీడలో ఆరబెట్టండి. బీట లేకుండా ఆరి, గోటితో గీస్తే రాలకుండా ఉన్నదే మీ లెక్క. మాకు పాత చెరువుగట్టు మట్టికి రెండు పాళ్ళు గోదావరి ఇసుక సరిపోయింది.

గడ్డి అంటే, చేత్తో కోసిన సార్వా (ఖరీఫ్ వరి) గడ్డిని మించింది లేదు, పొడుగ్గా నలగకుండా ఉంటుంది. మిషన్ కోతలో నలిగిన గడ్డి పై పూతకి పనికొస్తుంది. గుంటలో మట్టీ ఇసుకా అడుసు తొక్కి, గడ్డి చల్లుతూ మళ్ళీ తొక్కాలి, కాలు లాగితే ముద్దంతా గడ్డిని పట్టుకుని లేస్తుంటే అయినట్టు. గోడ అడుగున అడుగున్నర మందం పెట్టాం. వరస రెండడుగుల ఎత్తు లోపే పెట్టి, బొటనవేలితో నొక్కితే దిగకుండా అయ్యేవరకూ ఆగి అప్పుడు పై వరస, తొందరపడితే కింద వరస పొట్ట పెట్టేస్తుంది. పూర్తిగా గట్టిపడక ముందే పక్కలకి పొడుచుకొచ్చింది పారతో నిలువుగా చెక్కేస్తారు. చెక్కిన చోటల్లా తెగిన గడ్డి పోచలు చుక్కల్లా కనిపిస్తాయి, ఎక్కడ చుక్కలు లేవో అక్కడ కలపడం సరిగ్గా కాలేదని మాకు పని నేర్పిన పెద్దాయన చూపించేవారు.

ఇక వాన. నీళ్ళు నేరుగా పడే గోడ కరుగుతుంది, పడని గోడ కరగదు, మన పాత పెంకుటిళ్ళకి అంత ఎత్తు అరుగులు, అంత కిందికి దిగే చూరు ఉన్నది అందుకే. పునాది నేల మీద రెండున్నర అడుగులకి తగ్గొద్దు, రాతితోనే కట్టించండి. డెల్టాలో రాయి లేదు, కొవ్వూరు పక్క పంగిడి క్వారీల నుంచి నల్లరాయి తెప్పించుకోవాలి, లారీ కిరాయి భారమే, అయినా డబ్బు మిగుల్చుకోవాల్సింది ఇక్కడ కాదు. కింద నల్లమట్టి కదులుతుంది కాబట్టి ఇంజనీరుకి నేల చూపించాకే పునాది తీయండి, మేం ఇసుక పరిచి ప్లింత్ బీమ్ (గోడల కింద చుట్టూ పోసే ఇనుము, కాంక్రీటు పట్టీ) వేయించాం. చూరు మూడడుగులు. అంత చూరుని తుఫాను గాలి కింది నుంచి ఎత్తేస్తుంది, 1996 నవంబరు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వాసాల్ని దూలాలకి ఇనప పట్టీలతో బిగించి తీరాలి.

సముద్రం వైపు ఊళ్ళకి, రొయ్యల చెరువుల పక్క స్థలాలకి ఇంకో గొడవ ఉంది, ఉప్పు. ఉప్పు నీళ్ళతో అడుసు కలిపితే గోడ ఆరాక తెల్లగా పొడి తేలి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. కాలువ నీళ్ళు తోడించుకోండి.

దయచేసి మట్టిగోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించకండి. మా పెదనాన్నగారింట్లో తాపీ మేస్త్రి గట్టిగా ఉంటుందని చేసి వెళ్ళాడు, లోపలి చెమ్మ బయటికి రాలేక కొన్నేళ్ళకి ప్లాస్టరింగంతా అట్టలు కట్టి ఊడింది, వెనక మట్టి చేత్తో తీస్తే వచ్చేసేంత మెత్తబడింది. సున్నం పూత అయితే చెమ్మని వదిలేస్తుంది. జల్లు కొట్టే వైపు ఏటా వానల ముందు ఒకసారి సున్నం కొట్టుకోవాలి, ఆ ఓపిక లేకపోతే ఈ ఇల్లు వద్దు.

మీ స్థలం ఏటిగట్టుకి లోపలా, అంటే ఊరి వైపా, లేక అవతల ఏటి వైపా? అవతల లంకలో అయితే మట్టిగోడ మాట మర్చిపోండి. ఎంత మంచి చూరున్నా రోజుల తరబడి వరదలో నానిన మట్టిగోడ నిలబడదు. 1986 ఆగస్టు గోదావరి వరదలో మట్టిగోడలు ఎలా కూలిపోయాయో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, 2022 జూలైలో లంకలు మునగడం మనమే చూశాం.

ఖర్చు సగమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. గోడ మట్టిది కాబట్టి చవక, పునాదికీ కప్పుకీ కూలికీ మామూలు ఇంటికి అయినట్టే అవుతుంది. గట్టుకి లోపలే అయితే సార్వా కోతలప్పుడే గడ్డి చెప్పి పెట్టుకుని తడవకుండా కుప్ప వేయించండి, సంక్రాంతి వెళ్ళగానే గోడ మొదలుపెడితే జూన్ వానల లోపు పెంకు ఎక్కించేయొచ్చు.