దొడ్డికాళ్ళకి ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా?

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్ళు డాక్టర్ గారు, మడమలు కలిపి నిలబెడితే మోకాళ్ళ మధ్య నా నాలుగు వేళ్ళు పడుతున్నాయి. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు అన్నారు, మా అత్తగారేమో వెంటనే ఆపరేషన్ చేయించెయ్యండి అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తొందరపడకండమ్మా. ఎముక ఇంకా మెత్తగా ఉండగా కోసి సరిచేస్తే మళ్ళీ వంగిపోతుంది, అందుకే ముందు విటమిన్ డి, కాల్షియం కోర్సు పూర్తి చేసి, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (రికెట్స్‌లో పెరిగే ఎంజైమ్) తగ్గిందా, మణికట్టు ఎక్స్-రేలో కప్పులా విచ్చుకున్న ఎముక చివర గట్టిపడిందా చూస్తాం. ఈ వయసులో చాలామందికి మందులతోనే కాళ్ళు మెల్లగా చక్కబడతాయి. మందులు వేసినా తగ్గకపోతే ఫాస్ఫేట్ టెస్ట్ చేయించండి, పుట్టుకతో వచ్చే రకమైతే మామూలు విటమిన్ డి డోసులు ఎన్ని పోసినా లాభం లేదు. నల్గొండ వైపైతే ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి కూడా అడుగుతాను నేను, అది ఎక్కువైనా ఎముకలు వంగుతాయి.

అప్పటికీ వంకర మిగిలితే, మోకాలి బయటివైపు ఎదుగుదల పొర (ఎముక పొడుగు పెరిగే చోటు) మీదుగా రెండు స్క్రూలతో చిన్న ప్లేటు బిగిస్తారు, ఆ పక్క ఎదుగుదల ఆగి లోపలివైపు పెరుగుతూ కాలు తనంతట తానే నిటారవుతుంది. ఎముక కొయ్యరు కాబట్టి పిల్లాడు కొద్దిరోజుల్లోనే నడుస్తాడు, పూర్తిగా సరవడానికి మాత్రం ఏడాది పైనే పట్టొచ్చు. చెకప్ మానేస్తే కాలు ఈసారి ఎదురువైపుకి వంగుతుంది, సరైన టైముకి ప్లేటు తీయించాల్సిందే. ఎదుగుదల ఆగిపోయిన పిల్లలకైతే ఎముక కోసి నిలబెట్టడం తప్పదు. మీవాడికి ఆ టైము ఇంకా చాలా ఉంది, అత్తగారికి చెప్పండి.