ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి నేరుగా పంపకుండా నడుమ గోదాము ఎందుకు?

ఆవడిలో పచ్చళ్లు, పొడులు తయారు చేసి 15 దుకాణాలకు వేస్తున్నామని, సరుకు తిన్నగా దుకాణానికి పోతున్నప్పుడు నడుమ గోదాము అద్దె, రెండోసారి ఎత్తుడు దించుడు కూలీ దండగ కదా అని మీరు అడిగారు. చెన్నైకి ఉత్తరాన రెడ్‌హిల్స్‌లో ఒక తినుబండారాల కంపెనీ గోదాములో పన్నెండేళ్లుగా స్టాకు లెక్కలు చూస్తున్న నెల్లూరువాణ్ణి కనుక నా అనుభవం మేరకు చెబుతాను.

ఫ్యాక్టరీ ఒక రకాన్ని మొదలుపెడితే ఆ రోజంతా అదే తీస్తుంది, లారీ నిండా అదే పంపుతుంది. దుకాణదారుడేమో ఆరు రకాల్లో తలా రెండు పెట్టెలు అడుగుతాడు. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే చోటు గోదాము. నాలుగు ఫ్యాక్టరీలు, 60 మంది డీలర్లు ఉన్నారనుకోండి. నేరుగా పంపితే 240 దారులు అవుతాయి, అందులో చాలా బండ్లు సగం ఖాళీగా తిరుగుతాయి. నడుమ ఒక గోదాము ఉంటే దారులు 64. దీపావళి సరుకు సంగతి సరేసరి, దాన్ని వారం రోజుల్లో తయారు చేయగల యంత్రం మా కంపెనీలో లేదు.

అయితే గోదాము ఉన్నంత మాత్రాన లాభం రాదు. 2017 జులై 1న జీఎస్టీ రాక ముందు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మితే సాధారణంగా 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను పడేది, దాన్ని కొన్నవాడు తాను కట్టవలసిన పన్నులో జమ చేసుకుని తగ్గించుకునే వీలు లేదు. సొంత డిపోకు సరుకు బదిలీ చేస్తే మాత్రం ఆ పన్ను ఉండేది కాదు. అందుకే మా కంపెనీ నెల్లూరులో ఒక చిన్న డిపో పెట్టుకుంది. జీఎస్టీ వచ్చి ఆ అవసరం తీరాక దాన్ని మూసి, మిగిలిన సరుకును మా దగ్గరికి పంపారు. ముందు వచ్చింది ముందు పంపాలన్న నియమాన్ని మేము శ్రద్ధగానే పాటించేవాళ్లం, తప్పు జరిగింది కూడా ఆ శ్రద్ధ వల్లనే. నెల్లూరు పెట్టెలు మా గోదాముకు ఆలస్యంగా వచ్చాయి కాబట్టి లెక్కలో కొత్తవిగా నమోదై, వెనుక ర్యాకు పై అరలోకి వెళ్లాయి. తయారీ తేదీ చూస్తే అవి మా దగ్గరున్న వాటికంటే పాతవి. మూడో వంతు గడువైనా మిగలని సరుకును మా డీలర్లు తీసుకోరు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అబ్బాయి గమనించి చెప్పేసరికి వాటికి నెల కూడా మిగలలేదు. దాదాపు అంతా పారేశాము. పారేసిన సరుకుకు అంతకుముందు జమ చేసుకున్న జీఎస్టీని సైతం వెనక్కి కట్టవలసి వచ్చింది. వచ్చిన తేదీని పక్కన పెట్టి, గడువు ముందు ముగిసేది ముందు పంపే పద్ధతికి మేము మారింది ఆ తరువాతే. నన్నడిగితే పచ్చళ్లు, పొడుల వ్యాపారంలో గోదాము చేయవలసిన అసలు పని ఇదే, తక్కినదంతా చోటు అద్దె.

గోదామే లేకుండా నడిపే పరిశ్రమలు లేవా అని మీకు సందేహం రావచ్చు. శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కార్ల పరిశ్రమ ఉంది. కార్ల కర్మాగారాలు విడిభాగాలను గంటల లెక్కన, అవసరమైనంత మేరకే తెప్పించుకుంటాయని గొప్పగా చెబుతారు. ఆ గంటల్లో అందించడానికి విడిభాగాలవాడు దగ్గరలోనే చోటు అద్దెకు తీసుకుని స్టాకు పెట్టుకుంటాడు. నిల్వ ఖర్చు మాయం కాలేదు, పెద్దవాడి పుస్తకంలోంచి చిన్నవాడి పుస్తకంలోకి జరిగింది, అంతే.

మీ విషయానికి వస్తే, ఆవడి నుంచి 15 దుకాణాలకు ఒకే బండి ఒక చుట్టులో వేయగలిగినంత కాలం మీకు గోదాము అక్కర లేదు. తిరుపతి, నెల్లూరు వైపు డీలర్లు కుదిరిన నాడు కూడా సొంతంగా షెడ్డు అద్దెకు తీసుకోకండి, ప్యాలెట్ల (పెట్టెలు పేర్చే పలకల) లెక్కన చోటు ఇచ్చేవారు మాధవరం, రెడ్‌హిల్స్ వైపు ఉన్నారు. ఒప్పందానికి ముందు ఒకసారి వెళ్లి చూడండి. నేల రోడ్డుకంటే ఎంత ఎత్తున ఉందో, 2015 డిసెంబరు వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడి హమాలీలను అడగండి. ఆపైన ర్యాకుల మధ్య నడుస్తూ, పెట్టెల మీద గడువు తేదీ దారివైపు కనబడేలా పేర్చారో, గోడవైపు తిప్పి పెట్టారో గమనించండి.