స్కాన్‌లో తొమ్మిది వారాలు, చట్టంలో 280 రోజులు

ప్రశ్న: మేడమ్, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కన్నవారిది పక్కనే, ఆంధ్రలోని పాతపట్నం. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తారు. సంక్రాంతికి జనవరి 12న వచ్చి ఫిబ్రవరి 6న వెళ్లారు. నెల తప్పాక మార్చి 5న స్కాన్ తీయిస్తే తొమ్మిది వారాలని రాశారు. అక్టోబర్ 3న పాప పుట్టింది, మూడు కిలోలు. తొమ్మిది వారాలు వెనక్కి లెక్కేస్తే జనవరి 1 వస్తుందనీ, ఆ రోజు తన కొడుకు సూరత్‌లోనే ఉన్నాడనీ మా అత్తగారు అంటున్నారు. కోర్టులో గుమస్తాగా చేసిన వాళ్ల తమ్ముడు, బిడ్డకు 280 రోజులు నిండాలని చట్టంలోనే ఉంది, ఇక్కడ 264 రోజులే అయ్యాయి అన్నారు. పైగా మా ఆయన రక్తం ఏ పాజిటివ్, నాది బీ పాజిటివ్, పాపది ఓ నెగెటివ్. మా ఆయన కూడా డీఎన్‌ఏ టెస్టు చేయిద్దాం అంటున్నారు. స్టాంపు పేపరు మీద ఒడియాలో ఏదో రాయించి తెచ్చి సంతకం పెట్టమంటున్నారు. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పాపతో కన్నవారింట్లో ఉన్నాను. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టకండి. పెద్దమనుషులు కూర్చుని చెప్పినా సరే, చదవలేని కాగితం మీద సంతకం వద్దు. మిగతా విషయాలు నెమ్మదిగా చూద్దాం.

మీ అత్తగారి లెక్క ఎక్కడ తప్పిందో చెబుతాను. బిడ్డ కడుపులో పడిన రోజు ఏదో డాక్టరుకైనా కచ్చితంగా తెలియదు. తెలిసే రోజు ఒక్కటే, చివరిసారి నెలసరి మొదలైన రోజు. అందుకే కడుపు వయసును ఆ రోజు నుంచే లెక్కపెడతారు. స్కాన్ మెషిన్ బిడ్డ పొడవు కొలిచి వారాలు చెబుతుంది, అది చెప్పేదీ ఈ లెక్కలోనే. 28 రోజులకోసారి నెలసరి వచ్చే ఆడవారిలో అండం విడుదలయ్యేది సుమారు పద్నాలుగో రోజున. అంటే రిపోర్టులో రాసిన వారాల్లో మొదటి రెండు వారాలు అసలు గర్భమే లేని రోజులు.

మీ విషయంలో చూడండి. మార్చి 5న తొమ్మిది వారాలంటే లెక్క మొదలైంది జనవరి 1న. ఆ రోజు మీకు నెలసరి వచ్చి ఉంటుంది, ఆ వారమంతా గర్భం అనే మాటే లేదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన తల్లీబిడ్డల కార్డులో ఎల్‌ఎంపీ, అంటే చివరి నెలసరి మొదలైన రోజు, అని ఒక గడి ఉంటుంది, అందులో ఏ తేదీ రాశారో చూసుకోండి. జనవరి 1 గానీ దానికి దగ్గరి తేదీ గానీ ఉంటే మీ అత్తగారి ఆరోపణకు జవాబు ఆ గడిలోనే ఉన్నట్టు. అండం విడుదల జనవరి 14, 15 ప్రాంతంలో జరుగుతుంది. అండం బతికేది ఒక్క రోజు లోపే. మగవారి వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల వరకు బతకగలవు. మీ ఆయన 12 నుంచీ ఇంట్లోనే ఉన్నారు. మొదటి మూడు నెలల స్కాన్‌కు అయిదారు రోజులు అటూ ఇటూ తేడా ఉండటం మామూలే, కాబట్టి ఆ స్కాన్ మీ అత్తగారి మాటను రుజువు చేయదు.

కాన్పు తేదీ సంగతి కూడా అంతే. నెలసరి రోజు నుంచి లెక్కేస్తే కాన్పుకు 280 రోజులంటారు. బిడ్డ పడిన రోజు నుంచి లెక్కేస్తే సగటున 266 రోజులే. మీ పాప జనవరి మధ్య నుంచి దాదాపు 261 రోజులకు పుట్టింది. డాక్టరు లెక్కలో 39 వారాలు దాటాయి. నెలలు నిండిన బిడ్డ మూడు కిలోలు ఉండటంలో వింత ఏముంది?

ఇక గుమస్తాగారి 280 రోజులు. ఆ అంకె చట్టంలో ఉన్న మాట నిజమే. 1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116వ సెక్షన్. ఆయన దాన్ని తలకిందులుగా చదివారు. చెల్లుబాటయ్యే పెళ్లి కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని ఆ సెక్షన్ చెబుతుంది. పెళ్లయిన నెలకే పుట్టినా ఈ మాట వర్తిస్తుంది. భర్త చనిపోయాకో విడాకులయ్యాకో బిడ్డ పుడితే, అప్పుడు 280 రోజుల లెక్క వస్తుంది: తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండి, ఆ గడువులోపు కంటే, ఆ బిడ్డ కూడా ఆయన బిడ్డే. అంటే ఆ 280 బిడ్డను కాపాడటానికి పెట్టిన గడువు. అన్ని రోజులు నిండని బిడ్డను బయటికి తోయమని ఏ చట్టమూ చెప్పలేదు. మీ పెళ్లి నిలిచే ఉంది కాబట్టి మీకు ఆ లెక్కతో పనే లేదు.

దీన్ని కాదనాలంటే భర్తకు ఒక్కటే దారి ఉంది. గర్భం వచ్చే అవకాశమున్న రోజుల్లో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని ఆయనే రుజువు చేయాలి. రుజువు చేయాల్సిన భారం మీది కాదు, ఆయనది. జనవరి 12 నుంచి ఫిబ్రవరి 6 వరకు ఇంట్లోనే ఉన్నానని ఆయనే ఒప్పుకుంటున్నప్పుడు ఇంకేం రుజువు చేస్తారు? అయినా ఆయన రైలు టికెట్టు మెసేజ్, పండగ రోజు ఫోన్‌లో దిగిన ఫొటోలు, మొదటి స్కాన్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం తీసి దాచుకోండి. రేపు మాట మారిస్తే పనికొస్తాయి.

రక్తం గ్రూపు మాట విని మీరు బాగా బెదిరిపోయినట్టున్నారు. తల్లిదండ్రులు ఏ, బీ అయితే బిడ్డ ఓ కాకూడదని చాలామంది అనుకుంటారు, చదువుకున్నవాళ్లు కూడా. గ్రూపు విషయంలో ప్రతి మనిషిలోనూ రెండు జన్యువులుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఏ గ్రూపు మనిషిలో రెండూ ఏ కావచ్చు, లేదా ఒకటి ఏ, ఒకటి ఓ కావచ్చు. ఓ బలం లేనిది కాబట్టి పరీక్షలో కనపడదు, ఏ మాత్రమే కనపడుతుంది. బీ గ్రూపువారికీ ఇదే మాట. మీ ఇద్దరిలోనూ దాగి ఉన్న ఓ పాపకు వచ్చింది. అలా ఇద్దరిలోనూ ఓ ఉంటే వారి పిల్లలు ఏ, బీ, ఏబీ, ఓ నాలుగింటిలో ఏదైనా కావచ్చు. నెగెటివ్ కూడా అంతే. పాజిటివ్ ఉన్న ఇద్దరిలోనూ నెగెటివ్ దాగి ఉండవచ్చు. తండ్రో తల్లో ఏబీ అయి బిడ్డ ఓ అయితే అప్పుడు అనుమానించడానికి కొంత అర్థముంది, అప్పుడైనా ముందు చేయాల్సింది రక్తాన్ని మళ్లీ పరీక్ష చేయించడం. మీది ఆ కేసు కానే కాదు.

డీఎన్‌ఏ గురించి. "చేయించండి, నాకేం భయం" అనేయాలని మీకు అనిపిస్తుంది, మీ ఉక్రోషం నాకు అర్థమవుతుంది. ఆ మాట తొందరపడి అనకండి. ఇంట్లో పాప నోట్లోంచి దూది పుల్లతో తీసి ఏదో ల్యాబుకు పంపితే, ఆ నమూనా ఎవరిదో, ఎవరు తీశారో రేపు కోర్టులో ఎవరూ చెప్పలేరు. పైగా అనుమానం వచ్చినప్పుడల్లా పాపకు పరీక్ష చేయించవచ్చన్న అలవాటు ఆ ఇంట్లో మొదలవుతుంది.

అడిగినంత మాత్రాన కోర్టు కూడా ఇవ్వదు. పశ్చిమ బెంగాల్ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు, రక్త పరీక్షను మామూలుగా ఆదేశించకూడదంది. 2010లో మన ఒడిశా నుంచే వెళ్లిన కేసులో, డీఎన్‌ఏ లేకుండా నిజం తేలదన్న గట్టి అవసరం కనబడాలంది. 2023 ఫిబ్రవరిలో, భార్యాభర్తల తగువులో బిడ్డను మామూలుగా పరీక్షకు పెట్టకూడదనీ, తల్లి ఒప్పుకోనంత మాత్రాన బిడ్డకు వ్యతిరేకంగా ఊహించరాదనీ చెప్పింది. ఒక్క మాట దాచకూడదు: 2014లో ఒక మహారాష్ట్ర కేసులో, అప్పటికే చేసిన పరీక్ష భర్త తండ్రి కాదని తేల్చడంతో, చట్టం ఊహ కంటే విజ్ఞానానికే విలువ ఇచ్చింది. కాబట్టి కోర్టు సరైన కారణాలు చూసి ఆదేశిస్తే వకీలుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఇప్పుడు మాత్రం ఆ అవసరం నాకు కనబడటం లేదు.

నేనైతే కేసుతో మొదలుపెట్టను. మీకు స్కాన్ తీసిన లేక కాన్పు చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, వారాల లెక్క నెలసరి నుంచి అనీ, గర్భం జనవరి మధ్యలో వచ్చి ఉంటుందనీ రెండు వాక్యాలు రాయించుకోండి. దాన్ని ఫొటో తీసి మీ ఆయనకు నేరుగా పంపండి, అత్తగారి ద్వారా కాదు. సూరత్‌లో ఒంటరిగా ఉన్న మనిషికి రోజూ ఫోన్‌లో ఒకటే మాట నూరిపోస్తే అనుమానం ముదురుతుంది. నిజం ఆయన చేతిలో పెడితే మారే అవకాశముంది.

ఆయన మారకపోయినా, ఖర్చుకు డబ్బు పంపడం ఆపేసినా ఆగకండి. మీకూ పాపకూ భరణం కోసం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ ఉంది. శీలం మీద నిందలు వేసి వేధించడం 2005 గృహహింస చట్టం కిందకు వస్తుంది. ఈ రెండింటికీ మీరు ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టుకే వెళ్లవచ్చు, సరిహద్దు దాటి పర్లాకిమిడి వెళ్లనక్కర్లేదు. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

స్టాంపు పేపరు మళ్లీ తెస్తే ఫొటో తీసుకుని, ఒడియా చదవగల మీ వకీలుకు చూపించండి. స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు హిందువులకు చెల్లవు. కులాచారం ఉందనేవారు ఆ ఆచారాన్నే కోర్టులో రుజువు చేసుకోవాలి. పాప భరణాన్ని వదులుకుంటున్నానని మీరు రాసిచ్చినా ఆ మాట పాపను కట్టేయదు.