మిర్చి ఏరే నెలల్లో ఆడపిల్ల ఎక్కడుంటుంది

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. హైదరాబాద్‌లో నువ్వూ నీ స్నేహితురాళ్లూ నెలనెలా జీతంలోంచి కొంత పక్కన పెడుతున్నారని, ఆ డబ్బుతో తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న మన సిరొంచ తాలూకా ఆడపిల్లల చదువుకు ఏదైనా చెయ్యాలనుకుంటున్నారని చదివి చాలా సంతోషపడ్డాను. ముందు రెండు వందల మందికి బ్యాగులు, నోటుపుస్తకాలు పంచి మొదలుపెడదామని రాశావు. వద్దని అనను. కానీ బ్యాగు లేక బడి మానేసిన పిల్లను నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక్కదాన్ని కూడా చూడలేదు. మానేసిన పిల్లలు ఎందుకు మానేశారో చెబుతాను. డబ్బు దేనికి పెట్టాలో అప్పుడు నీకే తెలుస్తుంది.

సంక్రాంతి దాటగానే మన ఊళ్లలో ఏం జరుగుతుందో గుర్తుందా? జీపులు, ట్రాలీలు వచ్చి ఆగుతాయి. నది దాటి తెలంగాణకు మిర్చి ఏరడానికి ఇళ్లకు ఇళ్లే కదులుతాయి. రెండు మూడు నెలలు తిరిగి రారు. కొడుకును నాన్నమ్మ దగ్గరో చిన్నాన్న దగ్గరో వదిలి వెళ్తారు. కూతుర్ని మాత్రం వెంట తీసుకెళ్తారు. పదేళ్ల పిల్ల అయితే అక్కడ చంటివాణ్ణి ఎత్తుకుంటుంది, అన్నం వండుతుంది. ఇంకాస్త పెద్దదైతే తల్లి పక్కనే కూర్చుని కాయ ఏరుతుంది. ఎదిగిన పిల్లను ఇంట్లో వదిలి వెళ్లాలంటే తల్లికి భయం కూడా. ఆ భయం తప్పని నేనెలా అంటాను? పదో తరగతి బోర్డు పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. మిర్చి అయిపోయాక మే నెలలో బీడీలు చుట్టే తునికాకు కోయడం. జూన్ చివర బడి తెరిచేసరికి ఆ పిల్లకు పాత పాఠం ఒక్కటీ గుర్తుండదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సర్ అడిగితే జవాబు రాదు, సిగ్గుపడుతుంది, వారం తర్వాత రావడం మానేస్తుంది.

కాబట్టి మీ డబ్బు మొదట జనవరి నుంచి ఏప్రిల్ దాకా పని చెయ్యాలి. మన రాష్ట్రంలోనే బీడ్ జిల్లా వైపు చెరుకు కొట్టడానికి వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం హంగామీ వసతిగృహాలని సీజన్ హాస్టళ్లు నడుపుతారు. మనం అంత పెద్దది పెట్టుకోనక్కర్లేదు. మా ఊళ్లో నేను చేసింది చెబుతాను. వలస పోని ఒక అవ్వ ఇంట్లో మొదటి ఏడు ఇద్దరు ఆడపిల్లల్ని, మరుసటి ఏడు ఐదుగురిని ఉంచాం. బియ్యం, పప్పు, నూనె, సబ్బులు మేము ఇచ్చాం. అవ్వ చేతిలో నెలకు కొంత పెట్టాం. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఒక అమ్మాయి రాత్రిళ్లు వచ్చి లెక్కలు చెప్పి అక్కడే పడుకునేది. ఆ అవ్వ ఎవరో నువ్వు నిర్ణయించకు. ఏ ఇల్లు నమ్మకమైనదో, ఏ ఇంట్లో తాగి వచ్చే మగవాళ్లు ఉన్నారో తల్లులకు తెలుసు. వాళ్లు చెప్పిన ఇంట్లోనే ఉంచు. వారానికి రెండుసార్లు ఫోన్ కలిపి తల్లీబిడ్డల్ని మాట్లాడించు. ఒక వారం అది మర్చిపోతే ఒక తల్లి పని వదిలేసి పిల్లను తీసుకుపోవడానికి వచ్చేసింది.

ఇక కాగితాలు. ఇది బయటికి కనబడే పని కాదు గనక ఎవరూ పట్టించుకోరు. నా శిష్యురాలొకతి పన్నెండు సైన్సులో మంచి మార్కులతో పాసైంది. నర్సింగ్ చదవాలని ఆశ. కుల ప్రమాణపత్రం ఉంది, అది నిజమేనని పరిశీలించి ఇచ్చే వ్యాలిడిటీ పత్రం లేదు. గడువులోపు అది రాలేదు, రిజర్వేషన్ సీటు పోయింది, పూర్తి ఫీజు కట్టే స్తోమత తండ్రికి లేదు. ఆ పిల్ల ఇప్పుడు మిర్చికే వెళ్తోంది. ఎదురైతే నాకే ముఖం చెల్లదు, ఎనిమిదో తరగతిలోనే ఆ ఫైలు మొదలుపెట్టించాల్సింది నేను.

ఈ పత్రాలు రావాలంటే మహారాష్ట్రలో ఎస్టీలకు 6 సెప్టెంబర్ 1950, ఎస్సీలకు 10 ఆగస్టు 1950, విముక్త, సంచార జాతులకు 21 నవంబర్ 1961, ఓబీసీలకు 13 అక్టోబర్ 1967 కంటే ముందు నుంచీ కుటుంబం ఇక్కడే ఉందని చూపించాలి. మన తెలుగువాళ్లకు ఇక్కడే చిక్కు. 1950లో నది అవతల హైదరాబాద్ రాష్ట్రం, ఇవతల మధ్యప్రదేశ్. మహారాష్ట్ర ఏర్పడిందే 1960లో. తాత ఆ గట్టున పుట్టి ఈ గట్టుకు వచ్చిన ఇళ్లు ఎన్ని లేవు! ఒక కాగితంలో ఇంటిపేరు ఒక తీరు, ఇంకోదాంట్లో మరో తీరు. తెలుగు కులం పేరు మరాఠీలో రాసేటప్పుడు ఒక్క అక్షరం మారితే చాలు, ఏళ్లు పడుతుంది. అందుకే ఎనిమిదో తరగతి చదివే ప్రతి ఆడపిల్లకూ ఒక ప్లాస్టిక్ ఫైలు చెయ్యి. తండ్రి దాఖలా (బడి మానేటప్పుడు ఇచ్చే టీసీ), తాత దాఖలా, మేనత్తల దాఖలాలు, పాత భూమి కాగితాలు అందులో పెట్టు. తండ్రి వైపు రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇప్పటికే వ్యాలిడిటీ వచ్చి ఉంటే దాని నకలు బంగారంతో సమానం. సర్కారు పత్రాలకు అర్జీ పెట్టే సేతు కేంద్రం ఖర్చు, జిరాక్సులు పెద్ద లెక్క కాదు. జిల్లా కేంద్రం గడ్చిరోలికి వెళ్లి రావాలంటే రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్ల పైమాట, తండ్రికి రెండు రోజుల కూలి పోతుంది. ఆ కూలి, ఆ బస్సు చార్జీ మీరివ్వండి. రెండు వందల బ్యాగుల కంటే ఇది తక్కువకే అవుతుంది.

ఎనిమిదో తరగతి లోపు పిల్ల అయితే దాఖలా లేదని ఏ బడీ వెనక్కి పంపకూడదు. 2009 విద్యాహక్కు చట్టం అలా చెబుతోంది. మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. అడిగితే చాలాసార్లు పని జరుగుతుంది, అడిగేవాళ్లే ఉండరు. పల్లెటూరి ఆడపిల్లలకు పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ ఎస్టీ (స్టేట్ ట్రాన్స్‌పోర్ట్) బస్సు పాసు ఉచితం. సైకిళ్లు, మానవ్ వికాస్ పథకం కింద ఆడపిల్లల్ని బడికి చేర్చే నీలం బస్సులు ప్రభుత్వం ఇచ్చేవి ఉన్నాయి. వాటిని మళ్లీ మీరు కొనొద్దు. బస్సు రాని ఊరి తల్లులతో కలిసి డిపోకు అర్జీ పెట్టించు, సంతకాలు వాళ్లవే ఉండాలి. మన జిల్లాలో 1993లో మద్యం బందయ్యిందంటే ఊరూరా ఆడవాళ్లు కదిలారు కాబట్టే. వాళ్లకు అర్జీ రాయడం నువ్వు నేర్పు, నడవడం వాళ్లకు వచ్చు.

పెళ్లిళ్ల గురించి అడిగావు. ఒకసారి పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి కుదిరిందని వినగానే నేను ఆ పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడకుండా నేరుగా పోలీసులను తీసుకెళ్లాను. ఇక్కడ పందిరి తీశారు. నాలుగు రోజులకు నది అవతల మేనమామ ఇంట్లో తాళి కట్టించారు. పిల్ల నాకు ఇంకెప్పుడూ కనపడలేదు. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ముందు పిల్లను విడిగా కలువు, ఆమె ఏం కోరుకుంటోందో విను. తర్వాత తల్లి, ఆ తర్వాత మేనమామ. మన ఇళ్లలో మేనమామ మాటకున్న బరువు నీకు చెప్పనక్కర్లేదు. మాటతో ఆగకపోతే గ్రామసేవక్ అనే పంచాయతీ అధికారి దగ్గరికి వెళ్లు, మన పల్లెల్లో బాల్యవివాహ నిషేధ అధికారి ఆయనే. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యి, అవతలి గట్టు అధికారులకు కూడా చెప్పించు. చట్టం రెండు గట్ల మీదా ఒకటే. పెళ్లి జరిగిపోయినా దారి మూసుకుపోలేదు. పద్దెనిమిది నిండిన రెండేళ్ల లోపు ఆ పిల్ల కోర్టుకు వెళ్లి పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. ఇది పెళ్లయిన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు, తప్పకుండా చెప్పు.

డబ్బు లెక్క రూపాయితో సహా రాసి నెలనెలా తల్లుల ముందు చదివి వినిపించు. పిల్లల ఫొటోలు, పేర్లు ఫోన్లలో పంపొద్దు. సాయం తీసుకున్న పిల్ల అని ఊళ్లో పేరు పడితే రేపు ఆమెను అదే మాటతో పొడుస్తారు.

నువ్వు వచ్చే రోజు కూడా నేనే చెబుతాను. జనవరి 3న బడిలో సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు చేస్తారు. ఆమె 1848లో పూణేలో ఆడపిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్తుంటే జనం పేడ, మట్టి విసిరేవారని, ఆమె ఇంకో చీర సంచిలో పెట్టుకుని వెళ్లేదని పిల్లలు నాటకం వేస్తారు. తల్లులందరూ చూడ్డానికి వస్తారు. మిర్చికి బయల్దేరడానికి అప్పటికి ఇంకా పది పదిహేను రోజులు ఉంటుంది. ఆ సాయంత్రమే వాళ్లతో కూర్చుందాం. రెండు రోజులు ముందుగా వచ్చి మీ నాన్నమ్మ ట్రంకుపెట్టె తీయించు. మీ తాత నాలుగో తరగతి దాఖలా అందులో ఉండాలి, ఒకసారి నాకు చూపించారు. మీ అన్న కూతురు ఈ ఏడు ఎనిమిదిలోకి వచ్చింది. మొదటి ఫైలు ఆ పిల్లదే చేద్దాం.

మీ పాత టీచర్,
సిరొంచ